నీళ్లలోని నిప్పుకణిక

శనివారం ఉదయం 7:40.

ఆర్డిస్ క్వామ్ రాళ్ల క్లబ్బు నడిచే గ్రేంజ్ హాలు తలుపు తీసింది. లైట్లు వేసింది. మూలనున్న అద్దాల కేబినెట్ మీంచి దుప్పటి లాగింది.

లోపల గాజు సీసా పక్కకి ఒరిగి ఉంది. మూత వేరుగా పడుంది. సీసాలో నీళ్లు లేవు. రాయి లేదు.

ఆవిడకి డెబ్బై రెండేళ్లు. అరవలేదు. కుర్చీ లాక్కుని కేబినెట్ ఎదురుగా కూర్చుంది. ఫోన్ తీసి పోలీసులకి, షరీఫ్ ఆఫీసుకి, చేసింది.

"రాయి పోయింది. ఎవరూ ముట్టుకోకుండా నేనిక్కడే కూచుంటా. త్వరగా రండి."

8:05కి డిప్యూటీ అమయ ఉర్రుతియా వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. తండ్రి గొర్రెల వ్యాపారి. సంతలో పుట్టి పెరిగిన పిల్ల. మనిషి మాటకంటే ముందు చేతులు చూసే అలవాటు అక్కడిదే.

ముందు తాళాలు చూసింది. హాలు తాళం పగల్లేదు. కేబినెట్ తాళం పగల్లేదు. కిటికీల గొళ్లేలు లోపలినుంచి వేసే ఉన్నాయి. కేబినెట్‌లో పరిచిన నల్ల మఖమలు గుడ్డ ఆరిపోయి ఉంది. నీళ్లు పారినంత మేరా తెల్ల అంచుతో మరక. ఒరిగిన సీసాకి లోపల, మెడ దగ్గర, సన్నటి తెల్ల గీత.

అమయ పదకొండు ఫొటోలు తీసింది. పొడి చల్లి చూస్తే వేలిముద్రలు లేవు. ఎవరో శుభ్రంగా తుడిచారు.

"చివరిసారి రాయిని ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం అయిదింటికి. దుప్పటి కప్పేముందు."

"రాయి సీసాలో ఉందా?"

"ఎర్రగా మెరుస్తూ ఉంది."

"తాళం ఎవరు వేశారు?"

"నేనే. తీసిందీ నేనే. నువ్వు అడగబోయేది కూడా చెప్పేస్తా. కేబినెట్‌కి రెండే తాళంచెవులు. ఒకటి నా మెళ్లో ఉంది. రెండోది క్లబ్బు ప్రెసిడెంటు దగ్గర."

ఆ రాయి సంగతి ఆల్డర్ ఫోర్క్‌లో స్కూలు పిల్లలకి కూడా తెలుసు. ఊరి జనాభా పంతొమ్మిది వందలు. రాళ్ల క్లబ్బులో సభ్యులు ముప్పై ఒక్కరు. నెలకో మీటింగు, రెండు నెలలకో తవ్వకం, ఏడాదికో షో. ఈ ఏటి షో ఆ శని, ఆదివారాలే. నలభై ఎనిమిదేళ్ల కిందట, దక్షిణంగా రెండు గంటల దూరంలో ఉన్న ఓపల్ లోయలో, ఇరవై నాలుగేళ్ల ఆర్డిస్ మట్టిలోంచి కోడిగుడ్డంత ఓపల్ రత్నం తీసింది. నల్లటి ఒళ్లు. తిప్పితే లోపల ఎరుపు, నారింజ, పచ్చ మంటలు. క్లబ్బు దానికి నిప్పుకణిక అని పేరు పెట్టింది. ఆర్డిస్ దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. క్లబ్బుకి ఇచ్చింది. కాపలా మాత్రం తనకే కావాలంది.

ఆ లోయ ఓపల్‌తో ఒక చిక్కుంది. దాని ఒంట్లోనే నీరుంటుంది. గాలికి ఆరితే చిట్లుతుంది. అందుకే తవ్విన రోజే నీళ్ల సీసాలో వేస్తారు. ఇక బయటికి తియ్యరు. నిప్పుకణిక నలభై ఎనిమిదేళ్లుగా నీళ్లలోనే బతికింది. నెల మొదటి మంగళవారం ఆర్డిస్ నీళ్లు మారుస్తుంది. ఆ పని ఇంకెవర్నీ చెయ్యనివ్వలేదు.

8:40కి ఇద్దరు వచ్చారు.

ఒకరు వెండెల్ స్ట్రౌట్. క్లబ్బు ప్రెసిడెంటు. అరవై ఆరేళ్లు. మందుల షాపు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు కెమెరా పిచ్చి. రెండోవాడు లైల్ పెటిబోన్. హైవే పక్కన రాళ్ల కొట్టు. ఏ రాయి చేతికొచ్చినా ముందు నాలుకతో తడిపి రంగు చూస్తాడు. ఆ పూట కూడా చేతిలో ఓ ఎర్రరాయి ఉంది.

వెండెల్ ఖాళీ సీసా చూసి కుర్చీలో కూలబడ్డాడు. మొహం పాలిపోయింది. లైల్ మాత్రం రాయిని నాకి, వెలుగులో పెట్టి చూసి, జేబులో వేసుకుని, అప్పుడు నోరు విప్పాడు.

"అమయా, ఇందులో పరిశోధించడానికి ఏముందమ్మా? మే నెల మీటింగు మినిట్స్ తిరగెయ్యి. అంతా అందులోనే ఉంది."

ఉన్నది ఇదీ. హాలు పైకప్పు మూడేళ్లుగా కారుతోంది. నిప్పుకణికని అమ్మి కప్పు వేయిద్దామని వెండెల్ ప్రతిపాదించాడు. ముందు వెల కట్టించడానికి పదిహేడు మంది ఒప్పుకున్నారు. పద్నాలుగు మంది కాదన్నారు. పోర్ట్‌లాండ్ నుంచి వేల్యూయర్ రావలసింది ఆ శనివారం పదకొండింటికే. మే మీటింగులో ఆర్డిస్ నిలబడి అన్న మాట సెక్రటరీ ఉన్నదున్నట్టు రాసింది. "దాన్ని అమ్మే రోజే వస్తే నేనే ఎత్తుకుపోయి తవ్విన గుంటలోనే పూడ్చేస్తాను."

"అన్నారా?" అమయ అడిగింది.

"అన్నాను. మళ్లీ అంటాను. కానీ చెయ్యలేదు," అంది ఆర్డిస్. "చేస్తే పగటిపూట, మీ అందరి ముందే చేద్దును. మెళ్లో తాళంచెవి ఉన్నదానికి దొంగతనం దేనికి?"

"చూశావా, ఎంత పొగరో," అన్నాడు లైల్. "పెద్దావిడవని ఇన్నాళ్లూ ఊరుకున్నాం. తాళంచెవి ఇచ్చేసి మర్యాదగా తప్పుకో, ఆర్డిస్."

"మర్యాద సంగతి నువ్వు చెప్తున్నావా? నువ్వు నాకి పెట్టిన రాళ్లే జనం కొనుక్కుపోతున్నారు."

వెండెల్ నవ్వలేదు. నేల చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. ఆవిడంటే తనకీ గౌరవమేనట. కానీ ప్రెసిడెంటుగా ఫిర్యాదు ఇవ్వక తప్పదట. ఫిర్యాదులో ఆవిడ పేరు రాయక తప్పదట. రాశాడు. సంతకం పెట్టాడు. టైము కూడా వేశాడు. 8:55.

లైల్ అంతటితో ఆగలేదు. క్లబ్బు నియమాల ప్రకారం కాపలాదారుని తీసెయ్యాలంటే సభ్యులు చేతులెత్తి ఓటు వెయ్యాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి, షో ముగిశాక, ఓటు. ఆ నోటీసు అప్పటికప్పుడే గోడకి అంటించాడు.

ఆర్డిస్ దగ్గరికెళ్లి అక్షరం అక్షరం చదివింది.

"నా ఇంటిపేరు స్పెల్లింగులో రెండు 'ఎమ్'లు ఉంటాయి," అంది. "దించేది నన్నే అయినప్పుడు పేరన్నా సరిగ్గా రాయి."

లైల్ పెన్ను తీసి దిద్దాడు.

9:20. వంటగది పక్క గదిలో వెండెల్‌ని అమయ విడిగా కూర్చోబెట్టింది.

"మీ తాళంచెవి ఎక్కడుంది?"

"ఇంట్లో. మేకుకి. ఇదుగో, తెచ్చాను."

"నిన్న సాయంత్రం నుంచి?"

"ఇంట్లోనే ఉన్నా. మా ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది. ఒక్కణ్నే."

"రాయికి ఇన్సూరెన్స్?"

"లేదు. పోతే పోయినట్టే."

"ఇది పోతే ఎవరికి నష్టం?"

వెండెల్ తలెత్తాడు. "నాకే. అమ్మకం నా ఆలోచన. వేల్యూయర్ని పిలిచింది నేను. ఈ బ్రోషర్ కూడా నేనే వేయించాను."

బల్లమీద కట్ట ఉంది. నిగనిగలాడే కాగితం. మొదటి పేజీ నిండా నిప్పుకణిక. వెనక బూడిదరంగు గుడ్డ. మంటలు కాగితం మీంచి లేచి వస్తున్నట్టున్నాయి. కింద సన్నటి అక్షరాలు: ఫొటో, వెండెల్ స్ట్రౌట్.

"బాగా తీశారు. ఎప్పుడు తీశారు?"

"చాన్నాళ్లయింది. పోయినేడు."

అమయ ఒక కాపీ మడిచి జేబులో పెట్టుకుంది.

పదకొండింటికి వేల్యూయర్ వచ్చింది. ఖాళీ కేబినెట్ చూసి నిట్టూర్చింది. అంత దూరం వచ్చినందుకు ఎవరో ప్లేటులో 'ఆపిల్ పై' తీపి పెట్టిచ్చారు. రాయి ఉండుంటే ముందుగా ఏం చేసేవారని అమయ ఆవిణ్ని అడిగింది. నీళ్లలోంచి తీసి, తడి తుడిచి, భూతద్దం కింద పది నిమిషాలు చూసేదాన్నంది. నీళ్లలో ఉన్న ఓపల్‌కి ఎవరూ వెల కట్టరట. నీళ్లలో పగుళ్లు దాక్కుంటాయట. ఆ మాత్రం తెలియని మనిషి ఈ క్లబ్బులో ఒక్కరూ ఉండరంది. ఆ తీపి తిని, పన్నెండింటికి వెళ్లిపోయింది.

12:30. ఆర్డిస్ ఇల్లు.

వారెంట్ లేదు. ఆవిడ అడగలేదు. తలుపులు బార్లా తీసి పక్కకి జరిగింది.

"చూసుకో. కానీ ఒక్క మాట. ప్రతి డ్రాయరూ చూడు. సగం చూసి పోతే నా మీద సగం నింద మిగులుతుంది."

అమయ ప్రతి డ్రాయరూ చూసింది. రెండున్నర గంటలు పట్టింది. ఇల్లంతా రాళ్లే. మంచం కింద రాళ్లు. స్నానాల తొట్టిలో మట్టి నానుతున్న రాళ్లు. గ్యారేజీలో రాళ్లని నునుపు చేసే డ్రమ్ము గరగరమని తిరుగుతోంది. మూడు వారాల కిందట మొదలుపెట్టిందట. ఇంకో వారం ఆపకూడదట. ఆ శబ్దం లేకపోతే ఆవిడకి నిద్ర పట్టదట.

గ్యారేజీ గోడ వారగా పన్నెండు ప్లాస్టిక్ క్యాన్లు.

"ఇవేంటి?"

"డిస్టిల్డ్ వాటర్. కారు బ్యాటరీలో పోస్తారే, అవి. నిప్పుకణిక కోసం కొంటా. మన ఊరి నీళ్లు పోస్తే రెండ్రోజుల్లో గాజు మీద సున్నం కడుతుంది."

"ఈ నెల ఎప్పుడు మార్చారు?"

"మంగళవారం. పొద్దున్న పదింటికి. సీసా తోమి, తుడిచి, కొత్తగా పోశాను."

"బుధవారం మీరెక్కడున్నారు?"

"మోకాలి డాక్టరు దగ్గర. మధ్యాహ్నమంతా. ఎందుకు?"

అమయ నోట్‌బుక్‌లో రాసుకుంది. అంతే.

3:10కి అమయ పై అధికారి షరీఫ్ ఫోన్ చేశాడు. వెండెల్ ఆయనకి పాతికేళ్ల వేట స్నేహితుడు. రాయి దొరికిందా అనడిగాడు. లేదంది. ముసలావిడ ఒప్పుకుందా అనడిగాడు. లేదంది. పదివేల రాళ్ల మధ్య ఒక రాయిని దాచడం ఎంతసేపు అన్నాడు. రేపు నాలుగింటిలోపు ఆవిణ్ని స్టేషన్లో కూర్చోబెట్టి స్టేట్‌మెంట్ రాయించమన్నాడు. లేకపోతే అరెస్టు చెయ్యమన్నాడు.

"సర్, అరెస్టు చెయ్యాలంటే మీరే రండి," అంది అమయ. "ఆ కాగితం మీద నా సంతకం ఉండదు."

"నీ ఉద్యోగం మీదికి తెచ్చుకుంటున్నావు."

"నా ఉద్యోగమే చేస్తున్నాను సర్."

ఫోన్ పెట్టేసి కారులోనే కూర్చుంది. లెక్క వేసుకుంది.

రాయి పోతే ఆర్డిస్‌కి లాభం. అమ్మకం ఆగిపోతుంది. వెండెల్‌కి నష్టం. పైకి చూస్తే తూకం ఒకేవైపు మొగ్గుతోంది. ఊరంతా అటే చూస్తోంది. కానీ సంతలో పెరిగిన వాళ్లకి ఇంకో తూకం తెలుసు. ఒకసారి ఆమె తండ్రి నలభై గొర్రెల బేరానికి వెళ్లాడు. అమ్మేవాడు మందలో మేలైన పొట్టేలుని ఫొటో తీసి పంపాడు. తీరా వెళ్లేసరికి ఆ పొట్టేలుని రాత్రే తోడేలు ఎత్తుకుపోయిందన్నాడు. తండ్రి బేరం మానుకుని వచ్చేశాడు. వారం తిరక్కుండా ఆ మంద సగం రోగంతో పోయింది. పొట్టేలు అంతకుముందే ఆ రోగంతోనే పోయింది. తోడేలు రానేలేదు.

అమయ జేబులోంచి బ్రోషర్ తీసింది. ఈసారి మంటల్ని చూడలేదు. మంటల చుట్టూ ఉన్నదాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

4:30కి ప్రింటింగ్ షాపుకి వెళ్లింది. వెండెల్ పంపిన ఫొటో ఫైలు చూపించమంది. షాపతను కంప్యూటర్లో తెరిచాడు. ఫైలు వివరాల మీద నొక్కాడు. ఒక తేదీ, ఒక టైము వచ్చాయి. అమయ రెండూ రాసుకుంది. ప్రింటు తీయించుకుంది.

ఆదివారం ఉదయం 9:10. అమయ లైల్ కొట్టు తెరిపించి నల్ల మఖమలు గుడ్డ గజం కొంది. రాళ్ల షోలో అందరూ పరిచేది ఆ గుడ్డే. కేబినెట్‌లోదీ అదే తానుది. గుడ్డ ఎందుకని లైల్ అడిగాడు. లంగా కుట్టించుకోడానికంది. స్టేషన్ కిటికీలో రెండు ముక్కలు పరిచింది. రెండు కప్పుల నీళ్లు పోసింది. ఎండలో ఆరనిచ్చింది.

ఒంటిగంటకి రెండూ ఆరాయి.

సాయంత్రం నాలుగు.

బయట స్టాళ్లు ఎత్తేస్తున్నారు. హాల్లో మడత కుర్చీల్లో ముప్పై మంది. ముప్పై ఒకటో మనిషి ఆర్డిస్. కేబినెట్ పక్కన అదే కుర్చీలో కూర్చుంది. ఇల్లు సోదా చేయించిన కాసేపు తప్ప రెండ్రోజులూ ఆ కుర్చీ వదల్లేదు. షోకి వచ్చిన జనం రాయి ఏదని అడిగితే, పోయిందని, తన మీద నింద ఉందని, ఆదివారం ఓటు ఉందని తనే చెప్పింది. ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోమన్న వాళ్లకి, లేచిన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని జవాబిచ్చింది.

ఓటు మొదలుపెట్టబోయాడు లైల్. అమయ లేచింది.

"ఓటుకి ముందు నాకు పది నిమిషాలు కావాలి. తర్వాత మీ ఇష్టం."

వెండెల్ గడియారం చూసుకున్నాడు. సరేనన్నాడు.

అమయ రెండు గుడ్డ ముక్కలు బల్లమీద పరిచింది. ఒకటి మచ్చ లేకుండా నల్లగా ఉంది. రెండోదాని మీద తెల్ల అంచుతో మరక. పక్కన తను తీసిన ఫొటో పెట్టింది. కేబినెట్‌లోని గుడ్డ. అదే తెల్ల అంచు.

"ఈ నల్లగా ఉన్నదాని మీద పోసింది ఆర్డిస్ గారి గ్యారేజీలోని డిస్టిల్డ్ వాటర్. మరక పడ్డదాని మీద పోసింది కుళాయి నీళ్లు. మన ఊరి నీళ్లు ఎక్కడ ఆరితే అక్కడ తెల్లబడుతుంది. మీ కెటిల్లో ఉంది. మీ కారు అద్దం మీద ఉంది. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాం కాబట్టి మనకి కనపడదు. నాకూ కనపడలేదు. నిన్న ఎనిమిదీ అయిదుకి పదకొండు ఫొటోలు తీశాను. పదకొండిట్లోనూ మరక ఉంది. నీళ్లొలికితే మరక పడుతుంది కదా అనుకున్నాను."

ముందు వరసలో ఒకరిద్దరు బల్ల దగ్గరికి వంగారు.

"ఆర్డిస్ గారు మంగళవారం పదింటికి సీసా తోమి డిస్టిల్డ్ వాటర్ పోశారు. శుక్రవారం సాయంత్రం తర్వాత సీసాలోంచి ఒలికింది కుళాయి నీళ్లు. అంటే ఈ రెండిటికీ మధ్య ఎవరో సీసా ఖాళీ చేశారు. రాయిని బయటికి తీశారు. మళ్లీ పెట్టి, చేతికందిన నీళ్లు పోశారు. సీసా మెడకి తెల్ల గీత కట్టింది. అది గంటల పని కాదు. రెండ్రోజుల పని."

"ఆవిడే కుళాయి నీళ్లు పోసి ఉండొచ్చుగా?" అన్నాడు లైల్. గొంతులో నిన్నటి బలం లేదు.

"పోసి ఉండొచ్చు. అందుకే రెండో లెక్క కూడా చేశాను."

బ్రోషర్ పైకెత్తింది.

"ఇది నిన్నట్నుంచి ప్రతి బల్లమీదా ఉంది. మీరంతా రాళ్లు తెలిసినవాళ్లు. ఇందులో ఏం కనపడుతోంది?"

ఎవరో నిప్పుకణిక అన్నారు.

"ఏం కనపడట్లేదు?"

లైల్ బ్రోషర్ చేతిలోకి తీసుకున్నాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు. అతని చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

"నీళ్లు," అన్నాడు. "సీసా లేదు. నీళ్లు లేవు. పొడిగా ఉంది."

"పొడి గుడ్డ మీద పొడి రాయి. మీరందరూ మంటల్నే చూశారు. ఎవరూ నీళ్లేవని అడగలేదు. వెండెల్ గారూ, ఈ ఫొటో పోయినేడు తీశానన్నారు."

"అవును."

"ఫైలులో తేదీ మొన్న బుధవారంది. మధ్యాహ్నం 3:26. ఇదుగో ప్రింటు. ఆ టైముకి ఆర్డిస్ గారు మోకాలి డాక్టరు దగ్గరున్నారు. ఫోన్ చేసి కనుక్కున్నాను. ఎన్ని దీపాలు పెట్టారు?"

వెండెల్ ప్రింటు అందుకుని తేదీ చూశాడు.

"ఎంతసేపు పెట్టారు?"

వెండెల్ ప్రింటు బల్లమీద బోర్లించాడు.

"నిన్నంతా నేనూ దొంగ కోసమే వెతికాను. తూకం వెయ్యబోయే ముందు సరుకు మాయమైతే అనుమానించాల్సింది దొంగని కాదు, సరుకుని. వేల్యూయర్ వస్తుంది. నీళ్లలోంచి తీస్తుంది. భూతద్దం కింద పెడుతుంది. అప్పుడు ఏం బయటపడుతుందో ఈ ఊళ్లో ఒక్కరికే తెలుసు."

వెండెల్ చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. ఆయన ఎదురు తిరిగితే ఏం చెప్పాలో అమయ సిద్ధం చేసుకునే ఉంది. ఆ అవసరం రాలేదు.

కేబినెట్ పక్కనుంచి ఆర్డిస్ అడిగింది. గట్టిగా అడగలేదు.

"వెండెల్. అది ఇప్పుడు తడిగా ఉందా?"

ముప్పై మంది ఆయన వైపు తిరిగారు.

"ఉంది," అన్నాడు వెండెల్. "నీళ్లలోనే ఉంచాను. నీ నీళ్లలాంటివే కొన్నాను."

తర్వాతది ఆయనే చెప్పాడు. గాజులోంచి తీస్తే మెరుపు రావట్లేదట. ఒక్క అరగంటకి ఏమీ కాదనుకున్నాడట. రెండు దీపాల వేడిలో అరగంట మూడు గంటలైంది. టిక్కుమని ఒక చప్పుడు. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే రాయంతా సాలెగూడులా గీతలు పడ్డాయి. భయంతో నీళ్లలో ముంచాడు. గీతలు మాయమయ్యాయి. తిరిగి కేబినెట్‌లో పెట్టాడు. రెండ్రోజులు ఎవరికీ ఏమీ తెలియలేదు. తనకి మాత్రం శనివారం పదకొండు ఎప్పుడొస్తుందో తెలుసు. శుక్రవారం అందరూ వెళ్లాక మళ్లీ వచ్చి తీశాడు. దొంగల పనిలా ఉండాలని సీసా దొర్లించాడు. వేలిముద్రలు తుడిచాడు. ఇప్పుడు రాయి ఆయన వంటింట్లో, పచ్చళ్ల అలమారలో ఉంది.

"నీకేం కాదనుకున్నాను, ఆర్డిస్. ఒప్పుకోమంటారు, రాజీనామా ఇస్తావు, అంతటితో అయిపోతుందనుకున్నాను."

"రాయి చిట్లడం తప్పు కాదు," అంది ఆర్డిస్. "మన చేతుల్లో ఎన్ని చిట్లలేదు? ఆ రోజే వచ్చి చెప్పుంటే ఇద్దరం కూచుని ఏడ్చేవాళ్లం. నువ్వు దాని మీద నీళ్లు పోసి, నా మీద బురద పోశావు. అది నేను మాఫీ చెయ్యను."

వెండెల్ తలదించుకున్నాడు. తప్పుడు ఫిర్యాదు మీద కేసు రాయాల్సి ఉంటుందని అమయ చెప్పింది. శనివారం 8:55కి పెట్టిన సంతకం చూపించింది. ఆయన తలూపాడు. తన ఇంటి తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు.

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకరిద్దరు లేచి ఆర్డిస్ వైపు వచ్చారు. చేతులు పట్టుకోబోయారు. మాకు ముందే తెలుసు అంటున్నారు. లైల్ గోడ దగ్గరికెళ్లి నోటీసు పీకబోయాడు.

"దాన్ని ముట్టుకోకు," అంది ఆర్డిస్.

లైల్ ఆగాడు. "ఇంకెందుకు? తీర్మానం వెనక్కి తీసుకుంటున్నా."

"నేను తీసుకోనివ్వను. నోటీసు ఇచ్చారు. టైము పెట్టారు. రెండ్రోజులు ఊరంతా చదివింది. వెనక్కి తీసుకుంటే రేపు ఏమంటారు? కేసు పోయింది కాబట్టి పెద్దావిణ్ని వదిలేశారంటారు. నాకు వదిలెయ్యడం వద్దు. ఓటు కావాలి."

"ఆర్డిస్, ఇబ్బంది పెట్టకమ్మా."

"రెండ్రోజులు నేను ఇబ్బంది పడ్డాను. మీరు రెండు నిమిషాలు పడండి. కూర్చోండి అందరూ."

కూర్చున్నారు.

ఆవిడ లేచి నిలబడింది. మోకాలు సహకరించలేదు. కేబినెట్ అంచు పట్టుకుంది. నోటీసు చూడకుండానే తీర్మానం పైకి చదివింది. కాపలాదారు ఆర్డిస్ క్వామ్ మీద క్లబ్బుకి నమ్మకం పోయింది కాబట్టి ఆవిణ్ని తొలగించాలి.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆవిడ తొందరపడలేదు. మొదటి వరస ఎడమ చివర్నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగింది. చూపు తిప్పుకున్న వాళ్ల దగ్గర, మళ్లీ తనవైపు తిరిగేదాకా ఆగింది. లైల్ దగ్గర అందరికంటే ఎక్కువసేపు ఆగింది. చివరి వరసలో, మే మీటింగులో కాదన్న పద్నాలుగు మందిలో ఒకామె ఉంది. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. ఆమెనీ ఆవిడ వదల్లేదు. గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు పట్టింది. షరీఫ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. అమయ తియ్యలేదు.

వరసలు అయ్యాయి. ఆర్డిస్ సెక్రటరీ వైపు తిరిగింది.

"ఏం రాశావు?"

సెక్రటరీ పుస్తకం చూసి చదివింది. "ఎవరూ ఒప్పుకోలేదు."

"కొట్టెయ్యి," అంది ఆర్డిస్. "మాటల్లో కాదు, అంకెలో రాయి. సున్నా."

సెక్రటరీ కొట్టేసింది. సున్నా చుట్టింది. పుస్తకం ఆవిడ వైపు తిప్పింది. ఆర్డిస్ అది చూసుకుని కూర్చుంది.